లినక్స్ బూట్ లాగ్‌లు, 4వ పాఠం: క్వైట్ తీసేసినా మొదలు ఎందుకు కనపడలేదు?

పోయినసారి గ్రబ్ (కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) సెట్టింగుల్లోంచి, బూట్ మెసేజ్‌లను స్క్రీన్ మీద కనపడనివ్వని క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలు తీసేయమన్నాను. తీసేశారు, స్క్రీన్ నిండా లైన్లు పరిగెత్తాయి. తీరా కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లాగ్ చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే లాగ్ ఐదారు సెకన్ల దగ్గర మధ్యలోంచి మొదలైందనీ, లినక్స్ వెర్షన్ చెప్పే మొదటి లైనే లేదనీ చాలామంది రాశారు. అందుకే ఈసారి చెప్పాల్సిన సీరియల్ కన్సోల్ (మెసేజ్‌లను కేబుల్ మీదుగా వేరే మెషీన్‌కు పంపే పద్ధతి) వచ్చే పాఠానికి వాయిదా.

అసలేమీ మారలేదన్నవాళ్లు ఫైల్ సేవ్ చేసి వదిలేసి ఉంటారు. ఉబుంటు, డెబియన్లలో అప్‌డేట్-గ్రబ్ నడపాలి, ఫెడోరాలో ఆ పనికి గ్రబ్బీ కమాండ్ ఉంది. మార్పు పట్టిందో లేదో ప్రాక్ ఫోల్డర్‌లోని, కెర్నెల్‌కు అందిన సెట్టింగులుండే సీఎండీలైన్ ఫైల్ చెబుతుంది.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయం. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "పూర్తి లాగ్ కావాలంటే క్వైట్ తీసెయ్, లాగ్‌లెవెల్ 7 పెట్టు" అని రాసేస్తారు. ఆ రెండూ కన్సోల్ మీద, అంటే స్క్రీన్ మీద, ఏ మెసేజ్ కనపడాలో మాత్రమే తేలుస్తాయి. టీవీ సౌండ్ తగ్గిస్తే సినిమా ఆగిపోదు కదా, ఇదీ అంతే: క్వైట్ ఉన్నా కెర్నెల్ తన మెసేజ్‌లన్నీ బఫర్‌లో, అంటే మెమరీలో లాగ్ కోసం ఉంచుకున్న చోట, రాస్తూనే ఉంటుంది. ఆ బఫర్ సైజు కెర్నెల్ బిల్డ్‌ను బట్టి 128 కేబీయో 256 కేబీయో ఉంటుంది, అది నిండగానే కొత్త లైన్లు పాతవాటి మీద పడతాయి, మొదట చెరిగిపోయేది మనకు కావలసిన ఆ మొదటి సెకనే. లాగ్‌లెవెల్‌ను 7 చేసినా 8 చేసినా చెరిగిపోయిన లైన్ తిరిగి రాదు.

పెంచాల్సింది బఫర్. దానికి గ్రబ్ సెట్టింగుల్లో క్వైట్ ఉండే ఆ లైన్‌లోనే లాగ్_బఫ్_లెన్=4ఎం (ఎం అంటే మెగాబైట్లు) అని రాయండి, ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వద్దు. 5ఎం ఇచ్చినా ఫర్వాలేదు, కెర్నెల్ దాన్ని 8ఎం చేసుకుంటుంది. కానీ ఎం మర్చిపోతే అది నాలుగు బైట్లు అన్నమాట. ఉన్నదానికంటే చిన్నది కాబట్టి కెర్నెల్ ఎర్రర్ కూడా ఇవ్వకుండా పాత సైజుతోనే పోతుంది, మీరేమో పెంచేశామనుకుంటారు. 4కీ ఎంకీ మధ్య ఖాళీ కొట్టినా ఇదే గతి. నేనైతే ఎప్పుడూ 16ఎం పెట్టేస్తాను, ఈ రోజుల్లో ర్యామ్‌కు అదో లెక్క కాదు.

సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రామ్) డీబగ్ లైన్లను కూడా కెర్నెల్ లాగ్‌లోకి పంపేవాళ్లు ప్రింట్‌కే.డెవ్‌కేమెసేజ్=ఆన్ చేర్చండి. లేకపోతే కెర్నెల్ ఇన్ని లైన్లు అణిచేశాం అంటూ ఒక్క ముక్కతో సరిపెట్టేస్తుంది.

ప్రాక్టీస్: గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కి, ఆ ఒక్క బూట్‌కే, క్వైట్‌ను మళ్లీ పెట్టి పక్కన ఇనిట్‌కాల్_డీబగ్ చేర్చండి, లాగ్_బఫ్_లెన్ ఉంటే తీసేయండి. కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేసి డీమెసేజ్ మొదటి లైన్ రాసుకోండి. మళ్లీ అదే పని 16ఎంతో. ఇప్పుడు ప్రతి ఇనిట్‌కాల్‌కూ (బూట్‌లో కెర్నెల్ ఒక్కో భాగాన్ని సిద్ధం చేసే ఫంక్షన్) ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో కనపడుతుంది, వాటిలో ఎక్కువ సేపు తిన్న పదింటిని సార్ట్‌తో తీయండి. కమాండ్ నేను ఇవ్వను, గ్రెప్, ఆక్ రెండో పాఠంలో చూశాం.