తాబేలు గుడ్లని చెడగొట్టకుండా హేచరీకి ఎలా మార్చాలి?

తిరుపతి అంటే అందరికీ కొండే గుర్తొస్తుంది గానీ 2022లో కొత్త జిల్లా అయ్యాక వాకాడు మండలం, తూపిలిపాళెం సముద్రం కూడా మనవే. చలికాలం చివర్నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసకలో గుంట తీసి వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి, కుక్కలు వాసన పట్టాయంటే తెల్లారేసరికి పెంకులే మిగుల్తాయి. అందుకే వాటిని హేచరీకి, అంటే పిల్లలయ్యేదాకా గుడ్లని కాపాడే చోటికి, మార్చాలి.

ముందు ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్. 1972 వన్యప్రాణి చట్టంలో ఇవి షెడ్యూల్ 1, అంటే పులితో సమానం, అడక్కుండా గుడ్డు ముట్టుకున్నా కేసే.

ఎర్ర లైటు టార్చి, వెడల్పాటి బకెట్, నోటుబుక్కు ఉంటే చాలు. హేచరీ కూడా పెద్ద కట్టడమేం కాదు, పోటు నీళ్లు అందని చోట చుట్టూ వల కట్టిన దడి.

తాబేలు జాడ కోసం చేపల వేటకి పొయ్యేవాళ్లని అడగండి, ఇంకా చీకటి ఉండగానే ఒడ్డున తిరిగేది వాళ్లే. టౌన్ నుంచి టోపీలు పెట్టుకొని పోయి వాళ్లకే తాబేలు గురించి క్లాసు పీకేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది. గస్తీకి ఆ ఊరి కుర్రోళ్లనే పెట్టుకోండి, కూలీ ఇవ్వండి.

ఇప్పుడు అందరూ చెడగొట్టే పని, గుడ్లు తియ్యడం. గుంట ఎక్కడుందో చూద్దామని పుల్లతో బలంగా గుచ్చుతారు, పుల్ల బయటికొచ్చేసరికి కొసకి పచ్చసొన. గుచ్చొద్దు, చేత్తో తడమండి, గుల్లగా ఉన్న చోట ఇసక దానంతటదే దిగిపోద్ది. గోళ్లు కత్తిరించుకొని రండి.

గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పైభాగాన పెంకుకి అతుక్కుంటుంది, ఆ తర్వాత తిప్పారంటే ఊడి చచ్చిపోద్ది, బయటికి మాత్రం గుడ్డు బాగానే కనిపిస్తుంది, రెండు నెలలు కాపలా కాశాక గానీ తెలీదు. అందుకే పెట్టిన ఆరు గంటల్లోపే మార్చాలి. పొద్దెక్కాక జాడ దొరికితే కదపొద్దు, అక్కడే పైన జాలీ పరిచి మూలలు ఇసకలోకి దించండి.

బకెట్ అడుగున ఆ గుంటలోని తడి ఇసకే వేసి, ఒక్కో గుడ్డూ రెండు వేళ్లతో తీసి, పైవైపు పైకే ఉండేలా పెట్టండి. కొందరు గోనెసంచి అంటారు, సంచి వద్దంటే వద్దు, నడుస్తుంటే గుడ్లు దొర్లుతాయి. బైక్ మీద తేవడం అంతకన్నా ఘోరం, నడిచే రండి.

హేచరీలో గుంట అడుగున్నర లోతు, మూతి సన్నం, కింద వెడల్పు, అచ్చం కుండలాగా తియ్యాలి. ముందు తడి ఇసక, పైన పొడిది, కాలితో తొక్కొద్దు. గుంటకీ గుంటకీ మీటరు ఎడం. ఇసక బాగా వేడెక్కితే అన్నీ ఆడపిల్లలే పుడతాయి, ఇంకా వేడైతే అసలు పుట్టవు, కాబట్టి పైన తాటాకు పందిరి వెయ్యండి. గ్రీన్ నెట్ కూడా వేస్తారు గానీ తాటాకే కరెక్ట్.

45 నుంచి 60 రోజులకి పిల్లలొస్తాయి. పొద్దుగూకాక నీళ్లకి కాస్త దూరంలో వదిలి నడవనివ్వండి, ఎత్తి అలల్లో వెయ్యొద్దు, ఫోన్ లైట్లు ఆర్పెయ్యండి, లేకపోతే వెలుగు వైపే తిరుగుతాయి. ఫోటోల కోసం పొద్దున దాకా టబ్బులో ఉంచేవాళ్లు దయచేసి మా ఒడ్డుకి రావొద్దు. అంతా అయ్యాక గుంట తవ్వి పెంకులు లెక్క రాసి దూరంగా పూడ్చండి, లేదంటే ఆ వాసనకి కుక్కలు దడి దగ్గరే కాపురం పెడతాయి.