ఇంట్లో లెక్కలు, నాలుగో పాఠం: పది నోటు మార్చు, తీసివేత చెయ్యి

పోయిన పాఠంలో కూడికలు చూశాం కదా, పది దాటితే పక్క గడిలోకి ఎలా పంపాలో. ఆ పుల్లలూ రబ్బర్ బ్యాండ్లూ ఇప్పుడు పక్కన పెట్టేయండి, ఈ వారం మనకి డబ్బులు కావాలి. రూపాయి బిళ్ళలు ఓ ఇరవై, పది నోట్లు ఓ డజను, వంద నోట్లు మూడో నాలుగో. రెండు రూపాయలు, ఐదు రూపాయల బిళ్ళలూ, ఇరవై, యాభై నోట్లూ మాత్రం కలపొద్దు, మనకి ఒకట్లు పదులు వందలు మాత్రమే చాలు. ఫోన్‌పే వచ్చాక ఇళ్ళల్లో చిల్లర అనేదే కనపడట్లేదు, నాకూ తెలుసు, రోజూ సిటీ బస్సులో తిరిగేవాళ్ళుంటే వాళ్ళ జేబులు వెతకండి, లేదంటే అట్టముక్కలు కట్ చేసి 1, 10, 100 అని రాసుకున్నా పర్లేదు.

ఈ పాఠం మామూలుగా రెండు, మూడు తరగతుల పిల్లలకి. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలనే కార్యక్రమం) లక్ష్యాల్లో కూడా రెండో తరగతి అయ్యేసరికి 99 లోపు తీసివేతలు రావాలనే ఉంది. నాలుగో క్లాసులోకి వచ్చినా మీ పిల్లాడికి రావట్లేదంటే కంగారు పడక్కర్లేదు, ఇదే పాఠం మొదట్నించీ చేయించండి, వయసుతో పనిలేదు.

ముందు ఒక చిన్న పరీక్ష. కాగితం మీద 53 − 27 వేసి ఇచ్చి, మీరు ఏమీ మాట్లాడకుండా ఊరుకోండి. ఈ లెక్కే ఎందుకంటే, వచ్చిన జవాబు చూస్తే ఎక్కడ తప్పుతున్నారో మీకే తెలిసిపోతుంది. 26 వస్తే సరే. 34 వచ్చిందనుకోండి, 3లోంచి 7 పోదు కాబట్టి పాప తెలివిగా తిరగేసి 7లోంచి 3 తీసేసింది, పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి అని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట అలా పట్టుకుని కూర్చుంది. 36 వచ్చిందనుకోండి, పక్కనుంచి పది తెచ్చుకోవడం వచ్చు, 13లోంచి 7 తీసి 6 వేసింది, కానీ అక్కడ 5 కాస్తా 4 అయిందని మర్చిపోయింది. ఈ రెండూ వేరు వేరు తప్పులు, రెండింటికీ ఒకటే మందు వేస్తే పని చెయ్యదు. 34 వాళ్ళకి అసలు నోటు మార్చడం అనే ఆలోచనే లేదు, 36 వాళ్ళకి అది ఉంది గానీ నోటు ఇచ్చేశాక తన దగ్గర ఒకటి తగ్గిందన్న స్పృహ లేదు. (అన్నట్టు 52 − 27 ఇవ్వకండి, ఆ రెండు తప్పులకీ 35 అనే వస్తుంది, ఏది చేశారో మీకు తెలీదు. ట్యూషన్‌లో చాలామంది పిల్లల పుస్తకాలు చూశాక పట్టుబడిన విషయం ఇది.)

ఇప్పుడు డబ్బులతో. పాపకి ఐదు పది నోట్లు, మూడు రూపాయి బిళ్ళలు ఇవ్వండి. మిగతా డబ్బంతా ఒక డబ్బాలో వేసి మీ దగ్గర పెట్టుకోండి, మీరు బ్యాంకు. "నాకు 27 రూపాయలు ఇవ్వమ్మా" అనండి. మొదటిసారి చాలామంది పిల్లలు మూడు పది నోట్లు చేతిలో పెట్టి మిగతాది మీరే తిరిగివ్వండి అంటారు, అది కూడా తెలివే, మెచ్చుకోండి, కానీ "నా దగ్గర తిరిగివ్వడానికి లేదు, సరిగ్గా ఇవ్వు" అనండి. ఇంక పాప మొహం చూడాలి. "ఏటమ్మా, నా దగ్గర మూడే బిళ్ళలున్నాయి కదా" అంటుంది. అక్కడ మీరు నోరు మూసుకుని కాసేపు ఆగండి, దయచేసి ఆగండి, ఆ కాసేపట్లోనే పాఠమంతా ఉంది. బ్యాంకుకి వెళ్ళి పది నోటు ఇచ్చి పది బిళ్ళలు తెచ్చుకోవచ్చు అని తనంతట తనకే తట్టాలి. తట్టకపోతే "కొట్టువాడైతే ఏం చేస్తాడు?" అని ఒక్క ముక్క అడగండి చాలు.

మార్చాక తన దగ్గర ఏముంది? నాలుగు నోట్లు, పదమూడు బిళ్ళలు. మొత్తం ఎంత అని ఇక్కడ తప్పకుండా అడగండి. ఇంకా 53 రూపాయలే అని పాప తన నోటితో చెప్పాలి. ఇది చెప్పలేకపోతే ముందుకెళ్ళకండి, మళ్ళీ లెక్కపెట్టించండి. చెప్పగలిగితే ఇంక ఏడు బిళ్ళలు, రెండు నోట్లు మీ చేతిలో పెడుతుంది, తన దగ్గర రెండు నోట్లు ఆరు బిళ్ళలు మిగులుతాయి, అయిపోయింది.

ఇలా వేరే వేరే అంకెలతో రెండు మూడు రోజులు డబ్బులతోనే ఆడండి, పెన్సిల్ ముట్టుకోవద్దు. తర్వాత ఒక రోజు డబ్బులు ఒక పక్క, గళ్ళ నోట్‌బుక్ ఒక పక్క పెట్టి, ఎడం చేత్తో నోటు మార్చగానే కుడిచేత్తో 5 కొట్టేసి 4 రాయడం, 3 కొట్టేసి 13 రాయడం. గళ్ళ పుస్తకమే కొనండి, గీతల పుస్తకంలో పిల్లలు అంకెలు ఎటో రాసేసి పదుల కింద ఒకట్లు తీసేస్తారు, వాళ్ళకి లెక్క రాక కాదు, వరస కుదరక. మన గవర్నమెంట్ స్కూల్ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉంటుంది కదా, పాప స్కూల్లో టెన్స్, వన్స్ అంటుంటే మీరూ అలాగే అనండి, పదులు ఒకట్లు అన్నా తప్పులేదు, కానీ ఒకే లెక్కలో అదోసారి ఇదోసారి అనకండి.

ఇంకో సంగతి. నోటు మార్చడం వచ్చినా 13 − 7 దగ్గర వేళ్ళు చాలక ఆగిపోతుంటారు. అప్పుడు ఇలా చెప్పించండి: పదిలోంచి ఏడు తీస్తే మూడు, ముందున్న మూడు కలిపితే ఆరు. 15 − 8 అయితే పదిలోంచి ఎనిమిది పోతే రెండు, ఐదు కలిపితే ఏడు. పదికి జోడీలు (8కి 2, 7కి 3, 6కి 4) రెండో పాఠంలో చేశాం, అవి నోటికి వస్తే ఇది దానంతటదే వస్తుంది. వేళ్ళు వాడితే వాడనివ్వండి, తిట్టకండి, అవే పోతాయి.

ఇక సున్నాలు. పిల్లలు నిజంగా ఏడ్చేది ఇక్కడే. 305 − 128. ఐదులోంచి ఎనిమిది పోదు, పక్కింట్లో అడుగుదామంటే అక్కడ సున్నా, ఏమీ లేదు. మళ్ళీ డబ్బులు తియ్యండి: మూడు వంద నోట్లు, ఐదు బిళ్ళలు. ముందు ఒక వంద ఇచ్చి పది రూపాయల నోట్లు పది తెచ్చుకోవాలి, అందులో ఒక పది ఇచ్చి పది బిళ్ళలు తెచ్చుకోవాలి. ఇప్పుడు రెండు వందలు, తొమ్మిది పదులు, పదిహేను బిళ్ళలు. ఆ తొమ్మిది ఎక్కడ్నించి వచ్చిందో పిల్లలకి స్కూల్లో ఎప్పుడూ అర్థం కాదు, సున్నా మీద గీత కొట్టి 9 వేయమంటే వేస్తారంతే, ఇక్కడ కళ్ళముందే కనిపిస్తుంది, పది నోట్లలో ఒకటి మార్చేశాం కాబట్టి తొమ్మిది. 15లోంచి 8 పోతే 7, 9లోంచి 2 పోతే 7, 2లోంచి 1 పోతే 1, మొత్తం 177. సరి చూసుకోవాలంటే 177కి 128 కలిపి 305 వస్తుందో లేదో చూడమనండి. తప్పు అని మీరు అనక్కర్లేదు, కూడికే చెప్తుంది.

అలవాటయ్యాక ఒక షార్ట్‌కట్: 305లో 30 పదులున్నాయి, ఒకటి మారిస్తే 29. అంటే 30 మీద ఒకేసారి గీత కొట్టి 29 వేసేయొచ్చు, రెండు మెట్లు ఎక్కక్కర్లేదు.

ఈ షార్ట్‌కట్‌ని బీచ్ రోడ్డు మీద వాడదాం. ఆదివారం ఎలాగూ పిల్లల్ని మన విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తారు కదా, అక్కడ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఆగండి. అది నేవీలో చేరింది 1969లో, రిటైరయింది 2001లో. 2001 − 1969 ఎంత? నాలుగో క్లాసు పిల్లలకి కూడా రెండు సున్నాలు చూస్తే వణుకు, కానీ 2001 అంటే 200 పదులు, ఒక ఒకటి. ఒక పది మారిస్తే 199 పదులు, 11 ఒకట్లు. 11లోంచి 9 పోతే 2. 199లోంచి 196 పోతే 3. జవాబు 32. అయితే అది పనిచేసింది 31 ఏళ్ళే అంటారు. పిల్లలు దీన్ని పట్టుకుంటే మురీ మిక్చర్ కొనిపెట్టండి. ఎందుకంటే చేరింది 1969 డిసెంబర్లో, రిటైరయింది 2001 ఫిబ్రవరిలో, 32వ ఏడు నిండలేదు. లెక్క కరెక్టే, సంవత్సరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో కూడా చూడాలి.

నోటు మార్చకుండా ఇదే లెక్క ఇంకోలా చెయ్యొచ్చు, రైతు బజార్లో కూరగాయలమ్మే ఆవిడ చేసేలా. మీరు 37 రూపాయల సరుకు కొని వంద ఇస్తే ఆవిడ కాగితం తియ్యదు, 37 తర్వాత మూడు వేస్తే నలభై, అరవై వేస్తే వంద, మొత్తం 63 అని చేతిలో పెట్టేస్తుంది. 1969 తర్వాత ఒకటి వేస్తే 1970, ముప్పై వేస్తే 2000, ఇంకొకటి వేస్తే 2001, అంతా కలిపితే 32. నన్నడిగితే నోటిలెక్కకి ఇదే మేలు, కానీ పరీక్షలో గీత కొట్టి చూపించమంటారు కాబట్టి రెండూ రావాలి. మొదటి వారంలోనే రెండూ కలిపి నేర్పకండి, గందరగోళం అయిపోతుంది.

ఈ వారం ఇంటి పని, రోజుకి పదిహేను నిమిషాలు మించొద్దు, పిల్లాడు ఆవులిస్తే ఆపేయండి. చిన్నవాళ్ళకి: 61 − 34, 80 − 46, 58 − 23, 73 − 58. మధ్యలో 58 − 23 కావాలనే పెట్టాను, మార్చడం కొత్తగా నేర్చుకున్న పిల్లలు అక్కర్లేని చోట కూడా నోటు మార్చేస్తుంటారు. పెద్దవాళ్ళకి: 204 − 67, 400 − 158, 600 − 249. ఇంకొకటి, కురుసుర మ్యూజియం ప్రారంభమైంది 2002లో, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియం 2017లో, మధ్య ఎన్నేళ్ళు?

జవాబులు, పిల్లలకి ముందే చూపించకండి: 27, 34, 35, 15. పెద్దవాళ్ళవి 137, 242, 351, ఆఖరిది 15. వచ్చే పాఠంలో ఎక్కాలు మొదలు, దానికి మాత్రం ఇంట్లో కోడిగుడ్ల అట్ట ఒకటి పారేయకుండా ఉంచండి.