జీఎమ్ ట్రక్కులలో మాగ్నెటిక్ షాకుల స్థానంలో మామూలు షాకులు: హెచ్చరిక సందేశం రాకుండా మార్చుకునే విధానం

జనరల్ మోటార్స్ తయారుచేసే షెవర్లే టాహో, సబర్బన్, జీఎమ్‌సీ యూకాన్ డెనాలి, సియెరా డెనాలి, క్యాడిలాక్ ఎస్కలేడ్ వంటి బండ్లలో ఖరీదైన శ్రేణులకు మాగ్నెటిక్ రైడ్ కంట్రోల్ అనే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ అమర్చి ఇస్తారు. బండి కొత్తగా ఉన్నంతకాలం దాని నడక ఎంతో హాయిగా ఉంటుంది. షాకుల (కుదుపులను అణచే షాక్ అబ్జార్బర్ల) నుండి నూనె కారడం మొదలయ్యాక మాత్రం, ఒక్కొక్క షాకు ధరే వందల డాలర్లలో ఉందని తెలిసి, మామూలు షాకులు వేసుకుంటే సరిపోదా అన్న ఆలోచన యజమానికి సహజంగానే వస్తుంది. వేసుకోవచ్చు. అయితే పాతవి విప్పి కొత్తవి బిగించి బండి స్టార్ట్ చేయగానే డ్రైవర్ ముందున్న తెరపై ‘సర్వీస్ సస్పెన్షన్ సిస్టమ్’ అనే సందేశం కనిపిస్తుంది, అది తనంతట తాను పోదు. ఆ సందేశం ఎందుకు వస్తుందో తెలుసుకుని పని మొదలుపెడితే దాన్ని రాకుండా చేయడం కష్టం కాదు. ఇక్కడ చెప్పే విషయాలు ప్రధానంగా 2015 నుండి 2020 వరకు వచ్చిన టాహో, యూకాన్ తరం ఎస్‌యూవీలకు, అదే తరం పికప్‌లకు వర్తిస్తాయి.

ఈ మాగ్నెటిక్ షాకులోని నూనెలో అతి సన్నని ఇనుప రేణువులు కలిపి ఉంటాయి. పిస్టన్‌లో ఒక తీగచుట్ట ఉంటుంది. దానిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రంలో రేణువులు వరుసలు కట్టి నూనె ప్రవాహానికి అడ్డుపడతాయి కాబట్టి, విద్యుత్తు పెరిగేకొద్దీ షాకు బిగుస్తుంది, తగ్గేకొద్దీ వదులవుతుంది. డెల్ఫై సంస్థ అభివృద్ధి చేసిన ఈ పద్ధతి మొదట 2002 నమూనా క్యాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్ కారులో వచ్చింది. 2009లో ఆ వ్యాపారం బీడబ్ల్యూఐ గ్రూపు చేతికి వెళ్లింది. షాకులో కదిలే వాల్వులేవీ ఉండవు కనుక సాధారణంగా పాడయ్యేది సీలు, ఆ తరువాత కనెక్టరు, వైరింగు.

షాకులను నియంత్రించే చిన్న కంప్యూటరైన సస్పెన్షన్ కంట్రోల్ మాడ్యూలు నిరంతరం మూడు విషయాలను పరీక్షిస్తూ ఉంటుంది. మొదటిది, తాను పంపిన విద్యుత్తు ప్రతి షాకులోని తీగచుట్ట గుండా వెళ్లి తిరిగి వస్తున్నదా అన్నది. రెండవది, చక్రాల దగ్గర బండి ఎత్తును కొలిచే సెన్సర్లు నమ్మదగిన విలువలు ఇస్తున్నాయా అన్నది. మూడవది, వెనుక గాలి షాకులు (గాలి నింపితే బండిని పైకి లేపేవి) ఉన్న బండ్లలో, గాలి నింపే కంప్రెసర్‌ను ఆడించినప్పుడు వెనుక భాగం నిజంగా పైకి లేస్తున్నదా అన్నది. వీటికి తోడు, ఈ మాడ్యూలు నెట్‌వర్కులో మాట్లాడుతున్నదో లేదో బండిలోని మిగతా మాడ్యూళ్లు గమనిస్తూ ఉంటాయి. ఫ్యూజు పీకేస్తే గొడవ వదులుతుందని కొందరు మెకానిక్‌లు ఇచ్చే సలహా పనిచేయకపోవడానికి కారణం ఇదే: సస్పెన్షన్ మాడ్యూలు మూగబోయిందని మిగతావి లోపాన్ని సూచించే కోడ్‌లు నమోదు చేస్తాయి, సందేశం అలాగే ఉంటుంది. కాబట్టి పైన చెప్పిన ప్రతి పరీక్షకూ మాడ్యూలు ఆశించే జవాబు అందేలా చూడాలి, లేదా ఈ బండిలో అటువంటి సస్పెన్షనే లేదని ప్రోగ్రామింగ్ ద్వారా బండికి తెలియజేయాలి.

పని మొదలుపెట్టే ముందు బండిలో ఏ వ్యవస్థ ఉందో ఖాయం చేసుకోవాలి. గ్లవ్ బాక్సులోని స్టిక్కరు మీద జెడ్95 (Z95) అని ఉంటే అది మాగ్నెటిక్ రైడ్. పాత తరం బండ్లలో జెడ్55 అని ఉంటే అది ఆటోరైడ్ అనే వేరే వ్యవస్థ, దాని షాకులు వేరు, వాటి నిరోధం వేరు, కనుక ఒకదాని కిట్టు మరొకదానికి పనికిరాదు. స్టిక్కరు లేని తరువాతి బండ్లలో తలుపు పక్కనున్న లేబులు మీది క్యూఆర్ కోడ్ ద్వారా ఈ వివరాలు దొరుకుతాయి.

ఆ తరువాత ఛాసీ (సస్పెన్షన్, బ్రేకుల వంటి భాగాల) కోడ్‌లను చదవగల స్కానరు పెట్టి చూడాలి. ఇంజిను కోడ్‌లు మాత్రమే చదివే చవక రీడరు ఇక్కడ ఉపయోగపడదు. సీ0577 (C0577) వంటి కోడ్ వస్తే అది ముందు ఎడమ షాకు సర్క్యూట్‌కు సంబంధించినది. ఎత్తు సెన్సరు కోడ్ ఒక్కటే ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి. మిషిగన్, ఒహాయో వంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల ఆ సెన్సరు కడ్డీలు, కనెక్టరు పిన్నులు తుప్పుపట్టి విరగడం మామూలే. షాకులు బాగానే ఉండి సెన్సరు కడ్డీ ఒకటి విరిగినందుకు సస్పెన్షన్ మొత్తాన్ని మార్చేయడం డబ్బు పారబోయడమే అవుతుంది.

మార్చాలనే నిర్ణయమైతే షాకులతోపాటు స్ప్రింగుల సంగతి కూడా చూసుకోవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎస్‌యూవీలలో వెనుక గాలి షాకు బరువులో కొంత భాగాన్ని తానే మోస్తుంది కనుక, దానికి జోడీగా ఇచ్చిన కాయిల్ స్ప్రింగు మెత్తగా ఉంటుంది. గాలి షాకు తీసి మామూలు షాకు వేసి పాత స్ప్రింగునే ఉంచితే, మూడో వరుసలో మనుషులు కూర్చుని సామాను నింపగానే బండి వెనుక భాగం కుంగుతుంది. కనుక మాగ్నెటిక్ రైడ్ లేని అదే నమూనాకు ఇచ్చే వెనుక స్ప్రింగులను కూడా కొనాలి. ముందు వైపు స్ట్రట్ (స్ప్రింగు లోపల నిలిచే షాకు), స్ప్రింగు, పై మౌంటు కలిపి బిగించి ఉన్న పూర్తి అసెంబ్లీ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. ధర కొంత ఎక్కువైనా, అణచిపెట్టిన స్ప్రింగుతో ఇంట్లో కుస్తీ పట్టే అపాయం తప్పుతుంది. బిల్‌స్టీన్ 5100 వంటి మామూలు షాకులు విడిగా దొరుకుతాయి. ఆర్నాట్, స్ట్రట్‌మాస్టర్స్ వంటి సంస్థలు షాకులు, సందేశాన్ని ఆపే ఎలక్ట్రానిక్ భాగాలు కలిపి కిట్లుగా అమ్ముతాయి.

ఇక ముఖ్యమైన విద్యుత్ పని. పాత షాకు కనెక్టరులోకి, షాకు తీగచుట్టలాగే ప్రవర్తించే వస్తువును పెట్టాలి. అన్నిటికంటే సులువైనది రెసిస్టరు, కానీ సులువని చేతికి అందినదాన్ని పెట్టకూడదు. పాత షాకు కనెక్టరు పిన్నుల మధ్య మల్టీమీటరుతో నిరోధాన్ని కొలవాలి. ఈ విలువ చాలా చిన్నది కాబట్టి, మీటరు తీగలను ఒకదానికొకటి తాకించి వచ్చే విలువను అందులోంచి తీసేయాలి. ఉదాహరణకు నిరోధం 2 ఓమ్‌లు అనుకుందాం. మాడ్యూలు 3 ఆంపియర్లు పంపితే ఆ రెసిస్టరులో పుట్టే వేడి 18 వాట్లు. రేడియో విడిభాగాల దుకాణంలో దొరికే అర వాటు రెసిస్టరు క్షణాలలో మాడిపోతుంది. దీనికి 50 వాట్ల స్థాయి గల, అల్యూమినియం తొడుగు ఉన్న రెసిస్టరు కావాలి. దాన్ని ఫ్రేము ఇనుముకు బోల్టుతో బిగించాలి, అప్పుడు వేడి ఇనుములోకి పోతుంది. బ్రేకు గొట్టాలకు, ఇంధన గొట్టాలకు, ప్లాస్టిక్ భాగాలకు దూరంగా ఉంచాలి. జిప్ టైతో వైరింగు కట్టకే కట్టేయడం అగ్ని ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

అయినా రెసిస్టరు అన్ని బండ్లలోనూ చాలకపోవచ్చు. తీగచుట్టకు నిరోధంతోపాటు ప్రేరకత్వం (విద్యుత్తు ఒక్కసారిగా మారకుండా అడ్డుకునే గుణం) కూడా ఉంటుంది. మాడ్యూలు విద్యుత్తును వేగంగా వేస్తూ తీస్తూ నియంత్రిస్తుంది కనుక, విద్యుత్తు పెరిగే తీరును బట్టి అక్కడ ఉన్నది అసలు షాకా కాదా అని పసిగట్టే అవకాశం ఉంది. అటువంటప్పుడు ఆ బండి కోసమే తయారుచేసిన బైపాస్ మాడ్యూళ్లు పెట్టడం మంచిది. అవి అసలు కనెక్టరులోకే నేరుగా దూరుతాయి, తీగలు కోయనక్కరలేదు. రేపు ఎవరైనా తిరిగి మాగ్నెటిక్ షాకులు వేయాలనుకున్నా పాత వైరింగు చెక్కుచెదరకుండా ఉంటుంది. కొనేటప్పుడు మీ నమూనా సంవత్సరం, జెడ్95 కోడ్ రెండూ అమ్మకందారుకు చెప్పి, ముందు వెనుక షాకులు రెండింటికీ సరిపోతాయని రాతపూర్వకంగా తీసుకోండి.

ఎత్తు సెన్సర్లను విప్పవద్దు. కొత్త షాకులతో బండి ఎత్తు పాతదానికి దగ్గరగా ఉంటే వాటిని ఉన్నచోటే ఉంచి కడ్డీలు తగిలిస్తే సరిపోతుంది. ముందు భాగాన్ని లేపే లెవెలింగ్ కిట్టు కూడా వేస్తున్నట్లయితే కడ్డీ పొడవును తదనుగుణంగా సవరించాలి. గాలి షాకులున్న బండ్లలో ఇంకో చిక్కుంది. బరువు వేసినప్పుడు వెనుక సెన్సరు బండి కుంగిందని చెబుతుంది, మాడ్యూలు కంప్రెసర్‌ను ఆడిస్తుంది, గాలి పోయేందుకు షాకులు లేవు కనుక బండి లేవదు, కొంతసేపటికి కోడ్ నమోదవుతుంది. దీన్ని నివారించడానికి వెనుక సెన్సరు చేతిని సమతల స్థితిలో కదలకుండా చిన్న బ్రాకెట్టుతో బిగించే పద్ధతి ఉంది. అప్పుడు కుంగిన సంగతి మాడ్యూలుకు తెలియదు, కంప్రెసర్ ఆడదు. కంప్రెసర్ రిలేను మాత్రం పీకకూడదు, ఎందుకంటే రిలే సర్క్యూట్ తెగినా కోడ్ వస్తుంది. గాలి గొట్టాల చివరలను మూసివేసి, కంప్రెసర్ దగ్గరి కనెక్టర్లను అలాగే ఉంచాలి.

ప్రోగ్రామింగ్ మార్గం వీటన్నిటికంటే శుభ్రమైనది. జీఎమ్ మాడ్యూళ్ల మీద పనిచేసే స్వతంత్ర ప్రోగ్రామర్లు జెడ్95 అమరికను తొలగించి, బండిని మామూలు సస్పెన్షన్ బండిగా మార్చగలరు. డీలరు దగ్గర సాధారణంగా ఈ పని జరగదు, ఎందుకంటే అక్కడి సాఫ్ట్‌వేర్ బండి గుర్తింపు సంఖ్యను (విన్) బట్టి ఫ్యాక్టరీ అమరికనే తిరిగి రాస్తుంది. ఫోర్డు బండ్లలో ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో యజమానులే మాడ్యూళ్ల అమరికలను మార్చుకుంటారు కనుక అక్కడ ఈ దారి మరింత సులువు. నాలుగు చక్రాలకూ గాలి స్ప్రింగులున్న ర్యామ్ 1500 సంగతి పూర్తిగా వేరు. అక్కడ బరువు మోసేదే గాలి కాబట్టి ఈ వ్యాసంలోని పద్ధతులను దానికి అన్వయించవద్దు.

బిగించే పని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, చదునైన నేల మీద బండిని జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపాలి. ముందు స్ట్రట్‌కు పైన మూడు నట్లు, కింద రెండు బోల్టులు ఉంటాయి. పైనున్న షాకు కనెక్టరును ముందుగా విప్పాలి, లాగితే పిన్నులు విరుగుతాయి. స్ట్రట్ మధ్యలోని పెద్ద నట్టును స్ప్రింగు అణచకుండా ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. అది ఊడితే స్ప్రింగు విసురుకు మనిషి ప్రాణమే పోవచ్చు. వెనుక గాలి గొట్టాన్ని విప్పేముందు కళ్లద్దాలు పెట్టుకుని, నట్టును కొద్దిగా వదులుచేసి గాలిని మెల్లగా పోనివ్వాలి. వెనుక షాకు విప్పేటప్పుడు యాక్సిల్ కింద జాకీ ఆనించి ఉంచాలి, లేకపోతే యాక్సిల్ కిందికి జారి బ్రేకు గొట్టం లాగుకుపోతుంది. రబ్బరు బుష్‌లున్న బోల్టులను బండి బరువు చక్రాల మీద పడిన తరువాతే చివరి బిగింపు చేయాలి. బిగింపు విలువలను మీ నమూనా సర్వీసు మాన్యువల్ నుండే తీసుకోవాలి.

అంతా అయ్యాక స్కానరుతో పాత కోడ్‌లను చెరిపి, బండిని నగర వేగంలోనూ, హైవే వేగంలోనూ, గతుకుల మీదా నడిపి మళ్లీ చదవాలి. కొన్ని పరీక్షలు బండి కొంత వేగం అందుకున్నాకే జరుగుతాయి కాబట్టి, ఇంటి ముందు ఆగిన బండిలో సందేశం రాలేదని నిశ్చింతగా ఉండరాదు. మర్నాడు చల్లని ఇంజిను స్టార్ట్ చేసి కూడా ఒకసారి చూడాలి. రెసిస్టర్లు పెట్టినవారు హైవే ప్రయాణం తరువాత వాటి దగ్గరి తీగల తొడుగు మెత్తబడిందేమో పరిశీలించాలి. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. బండి ముందు ఎత్తు మారితే హెడ్‌లైట్ల గురి సరిచేయాలి, లేన్ హెచ్చరిక కెమెరా ఉన్న బండ్లలో దాని క్రమాంకనం అవసరమేమో అలైన్‌మెంట్ చేసేవారినే అడగాలి.

ఆపవలసింది సస్పెన్షన్ సందేశాన్ని మాత్రమే. ఏబీఎస్, స్టెబిలిట్రాక్ (బండి అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ), ఎయిర్‌బ్యాగుల హెచ్చరికలు ఏవైనా వెంట వస్తే అవి వేరే లోపానికి గుర్తులు. పనిలో చక్రపు సెన్సరు తీగ నలిగి ఉండవచ్చు, దాన్ని వెతికి బాగుచేయాలి. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుండి సొంత బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీని రద్దు చేశారు. డాలస్ చుట్టుపక్కల ఎనిమిది సీట్ల పాత టాహోలు, యూకాన్లు కొనే తెలుగు కుటుంబాలు దీన్ని గుర్తుంచుకోవాలి: సరిగా బిగించని షాకును కనిపెట్టే తనిఖీ ఇక ఉండదు, కొనేముందు మెకానిక్‌కు మనమే చూపించుకోవాలి. వారంటీ ఇంకా ఉన్న బండి విషయంలో, 1975 నాటి మాగ్నుసన్–మాస్ చట్టం ప్రకారం, బయటి షాకులు వేసినంత మాత్రాన కంపెనీ వారంటీ మొత్తాన్ని నిరాకరించడానికి వీల్లేదు. అయితే లోపానికి ఆ షాకులే కారణమని తేలితే ఆ మరమ్మతు ఖర్చు యజమానిదే.

మార్చిన భాగాల పేర్లు, బైపాస్ మాడ్యూళ్లు లేదా రెసిస్టర్లు అమర్చిన చోటు, ప్రోగ్రామింగ్ చేయించి ఉంటే ఆ వివరం ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో ఉంచండి. తరువాత ఎప్పుడైనా రీకాల్ పనికో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కో డీలరు దగ్గరికి వెళ్లి మాడ్యూళ్లను తిరిగి ప్రోగ్రామ్ చేయించుకుంటే జెడ్95 అమరిక మళ్లీ వచ్చి సందేశం కనిపించవచ్చు. ఆ కాగితం ఉంటే, కొత్త మెకానిక్ లేని లోపం కోసం షాకులన్నీ విప్పి చూడకుండా నేరుగా ఆ అమరికనే సరిచేస్తాడు. బండి అమ్మేటప్పుడు కొనేవారికి దాన్ని చూపించాలి, ఎందుకంటే స్టిక్కరు మీద ఇంకా జెడ్95 అనే ఉంటుంది.