జీడీపీ పెరిగితే కార్బన్ పొగ పెరగాల్సిందేనా? ఫోన్‌లోనే లెక్క చూసుకోవడం ఎలా

ఎర్రగుంట్ల దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు) పొగగొట్టాలు చూసినప్పుడల్లా మా చిన్నాయన "పొగ వస్తాంటేనే కదప్పా జనాలకి పని" అంటాడు. నిజమేనా అని దేశాల లెక్కలు చూస్తే సగం నిజం, సగం కాదు. మీరూ చూడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు.

ముందు అవర్ వరల్డ్ ఇన్ డేటా సైట్ తెరిచి తలసరి జీడీపీ, తలసరి కార్బన్ డయాక్సైడ్ రెండూ ఒకే చార్టులో ఉన్నది వెతకండి. మొత్తం టన్నులు చూడొద్దు, అట్ల చూస్తే చైనా ఫస్టు మనం థర్డు అని భయమేస్తుంది, తలకి ఏడాదికి లెక్కేస్తే అమెరికావాడికి దాదాపు 14 టన్నులు, చైనావాడికి 8, మనకి 2 చిల్లర. చార్టు అంచున అంకెలు ఒక్కోసారి 1, 10, 100 అని పదింతలు చొప్పున పోతాయి, అది గమనించకపోతే తేడాలన్నీ చిన్నగా కనపడతాయి.

దేశాల చుక్కలు మామూలుగా పైకే పోతుంటాయి, డబ్బుంటే పొగ. కానీ ఫ్రాన్స్, జర్మనీ పక్కపక్కన పెట్టండి. రెండూ ఉన్నోళ్ళ దేశాలే, ఫ్రాన్స్‌ది మాత్రం చాలా తక్కువ, కరెంట్ ఎక్కువగా అణువిద్యుత్ కాబట్టి.

తర్వాత 1990 నుంచి 2019 దాకా లాగి చూడండి. 2020 దగ్గర ఆపొద్దు, అది కరోనా సంవత్సరం. బ్రిటన్ జీడీపీ పెరిగింది, పొగ బాగా తగ్గింది, చివరి బొగ్గు ప్లాంటు 2024 సెప్టెంబర్‌లో మూసేశారు. ఉక్రెయిన్‌లోనూ 1990ల్లో తగ్గింది, కానీ ఫ్యాక్టరీలు మూతబడి, జీడీపీ కూడా పడిపోయి. ఆ రెండు తగ్గుదలలూ ఒకటి కాదు, అందుకే జీడీపీ గీత కూడా పక్కనే పెట్టుకోవాలి.

అసలు చూడాల్సింది దీని తర్వాతే. మామూలు లెక్కలో పొగ ఎక్కడొస్తే ఆ దేశం ఖాతాలో రాస్తారు. మన ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంట్ బెంగళూరు అపార్ట్‌మెంట్లకి పోతే పొగ మాత్రం మన సీమదే అన్నట్టు. అందుకే వాడకం ఆధారంగా వేసిన లెక్క కూడా తీయండి (అన్ని దేశాలకీ దొరకదు), అందులో బ్రిటన్ తగ్గుదల కొంచెం చిన్నదవుతుంది, బయట తయారైన సామాన్ల పొగ కలుస్తుంది కాబట్టి. అయినా తగ్గుతుంది, పూర్తిగా మాయ కాదు. ఇది చూపిస్తే చిన్నాయన "అయితే మనది బెంగళూరోళ్ళ ఖాతాలో రాయించు" అన్నాడు.

ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉందిగా, దాంతో సిమెంట్ పొగ పోదా అంటారేమో. పోదు, సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సిమెంట్ పొగలో సగానికి పైగా అదే, కరెంట్ మార్చినంత మాత్రాన అది ఆగదు.