పుస్తకం వేసుకున్నారు, చెప్పుకోవాలంటే మొహమాటమా? ఇలా చేసి చూడండి

తెలుగులో పుస్తకం వేసేవాళ్ళలో చాలామందికి పబ్లిషర్ ఎవరూ అంటే వాళ్ళే. డబ్బులు మనవే, డీటీపీ ఆయన పక్కన కూర్చుని తప్పులు దిద్దించేదీ మనమే, ప్రెస్సు నుంచి కట్టలు ఆటోలో వేసుకొచ్చేదీ మనమే. అక్కడిదాకా హుషారుగానే ఉంటాం, ఆ కట్టలు మంచం కిందకి వెళ్ళాక మొదలవుతుంది అసలు తంటా, ఎందుకంటే ఇప్పుడు నలుగురికీ చెప్పాలి, చెప్తే సొంత డబ్బా అనుకుంటారేమో అని నోరు పెగలదు. మైకు ఇస్తే గంటసేపు వదలనివాళ్ళకి ఇది అక్కర్లేదు, మిగతావాళ్ళు చదవండి.

1. రెండు ముక్కలు ముందే రాసిపెట్టుకోండి

"ఏం రాశారండీ?" అని ఎవరైనా అడిగితే మనం "ఏవో కథలండీ, చిన్నచిన్నవి" అని నసుగుతాం, పాపం ఆయన ఇంకేం అడుగుతాడు. దానికి బదులు "గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో మిగిలిపోయిన ఆడవాళ్ళ కథలండీ, అన్నీ కోనసీమలో జరిగేవే" అనండి చాలు. ఇందులో పొగుడుకున్నది ఏమైనా ఉందా? లేదు కదా. దేని గురించో చెప్తే కావాల్సినవాళ్ళు వాళ్ళే అడుగుతారు. బాగుందో లేదో చెప్పే పని మీది కాదు అనుకుంటే సగం సిగ్గు అక్కడే పోతుంది.

2. ఒక్క మెసేజ్ తయారుగా ఉంచుకోండి

కవర్ ఫోటో, ఆ రెండు ముక్కలు, పోస్టేజీతో కలిపి రేటు, యూపీఐ నంబరు, "పిన్‌కోడ్‌తో అడ్రస్ పంపండి" అనే లైను. అంతే. రేటు మెసేజ్‌లోనే ఉంటే నోటితో డబ్బులు అడిగే పని తప్పుతుంది, మొహమాటస్తులకి ఇది చాలా పెద్ద సుఖం.

పోస్టు సంగతి కూడా చూసుకోండి. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశాక 2025 మే నుంచి పుస్తకాలు పంపుకోవడానికి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, మొదలుపెట్టినప్పటి రేటు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. నూటయాభై పేజీల పుస్తకం మామూలుగా ఆ బరువు దాటదు. కౌంటర్లో ఆ పేరు చెప్పి అడగండి, మీ పుస్తకం దాని కిందకి వస్తుందో రాదో అక్కడే తేల్చుకోండి.

3. ఫ్రీ కాపీల లిస్టు

మొహమాటం మన జేబుకి చిల్లు పెట్టేది ఇక్కడే. "మాకో కాపీ ఇవ్వవా?" అని అడిగేవాళ్ళకి తప్పు చేస్తున్నామనే అనిపించదు, పెళ్ళి శుభలేఖ ఇచ్చినట్టు ఇస్తారనుకుంటారు. మనమేమో నవ్వుతూ సంతకం కూడా పెట్టి ఇచ్చేస్తాం, అది వాళ్ళింట్లో టీవీ పక్కన పడుంటుంది. కాబట్టి పుస్తకం ప్రెస్సుకి వెళ్ళకముందే కూర్చుని పేర్లు రాయండి: ముందుమాట రాసినవాళ్ళు, బొమ్మ వేసినవాళ్ళు, ప్రూఫులు చూసినవాళ్ళు, సమీక్షలకి పంపేవి, మీ ఊరి లైబ్రరీ, ఇంట్లో పెద్దవాళ్ళు. ఆ లిస్టులో లేనివాళ్ళెవరైనా కొనుక్కోవాల్సిందే, మేనమామైనా సరే.

మరి అడిగితే ఏమనాలి? "తప్పకుండా అన్నా, ఇప్పుడే వివరాలు పంపిస్తా" అని అక్కడికక్కడే ఆ మెసేజ్ కొట్టేయండి. మరీ పెద్దాయనైతే, "కాపీలు షాపులో పెట్టాను సార్, అక్కడ దొరుకుతుంది" అనండి, అబద్ధం కాకుండా నిజంగానే పెట్టండి. హైదరాబాద్ కాచిగూడలో నవోదయ బుక్ హౌస్‌లోనో, మీకు దగ్గర్లోని విశాలాంధ్ర బుక్ హౌస్‌లోనో అడిగి చూడండి. అమ్మిపెట్టేవాళ్ళ కమీషన్ 40 శాతం దాకా ఉండొచ్చు, అంటే 150 రూపాయల పుస్తకానికి మన చేతికొచ్చేది 90, అదీ అమ్ముడయ్యాక మనం గుర్తుచేస్తేనే. ఆ 60 రూపాయలూ మన మొహమాటానికి కట్టే ఫీజు అనుకోండి, నన్నడిగితే చవకే.

4. గ్రూపుల్లో కాదు, ఒక్కొక్కరికి

అపార్ట్‌మెంట్ గ్రూపులో కవర్ పెడితే పది దండాలు, ఐదు పూలగుత్తులు వస్తాయి, ఆర్డర్ మాత్రం రాదు. సిగ్గుపడేవాళ్ళకి గుంపులో మాట్లాడటం కష్టం గానీ ఒకరితో మాట్లాడటం బానే వస్తుంది కదా, అదే వాడుకోండి. చేనేత మీద నవల అయితే ఆ ఇళ్ళ నుంచి వచ్చిన స్నేహితులెవరో ఆలోచించి రోజుకి ఇద్దరికి, వాళ్ళ పేరు పెట్టి, ఎందుకు పంపుతున్నారో రాసి పంపండి. చదివి ఎవరైనా మంచిమాట రాస్తే "ఇది నేను పెట్టుకోవచ్చా?" అని అడిగి స్టేటస్‌లో పెట్టండి. ఇంకోళ్ళు పొగిడింది చూపించడానికి అంత సిగ్గు ఉండదు.

పత్రికలకి సమీక్ష కోసం మామూలుగా రెండు కాపీలు అడుగుతారు, పంపి ఊరుకోండి, ఫోన్లు చేయక్కర్లేదు. వెబ్ పత్రికల్లో కథ రావాలంటే మాత్రం పుస్తకం వేయకముందే పంపాలి, చాలా చోట్ల ముందే అచ్చైనవి తీసుకోరు.

5. సభ పెడితే చిన్నది పెట్టండి

తొమ్మిదిమంది అతిథులు, శాలువాలు, ఒక్కొక్కరూ అరగంట, చివర్లో "రచయిత స్పందన" అనేసరికి జనం బస్సు టైమైందని లేచిపోవడం, ఇది బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అయినా, మీ ఊరి గ్రంథాలయంలో అయినా ఒకటే తంతు. ఇరవైమంది చాలు. ఉపన్యాసం ఇవ్వకండి, చదివిన స్నేహితురాలెవరినైనా నాలుగు ప్రశ్నలు అడగమనండి, జవాబులు చెప్పడం అందరికీ వచ్చు. గుమ్మం పక్కన పుస్తకాల బల్ల దగ్గర తమ్ముణ్ణో, పక్కింటి పిల్లనో కూర్చోబెట్టండి. డబ్బులు తీసుకునే మనిషీ, సంతకం పెట్టే మనిషీ ఒకరే కాకూడదు.

6. ఇంకో మొహమాటస్తుణ్ణి వెతుక్కోండి

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ, ఈ రెండిట్లో మీలాంటివాళ్ళే ఇంకొకరితో (ఓ రచయిత్రి అనుకుందాం) కలిసి స్టాల్లో కాస్త చోటు తీసుకోండి, అద్దె చెరిసగం. ఆవిడ పుస్తకం గురించి మీరు చెప్పండి, మీ పుస్తకం గురించి ఆవిడ చెప్తుంది. మన కథ గురించి నోరు విప్పలేం గానీ ఆవిడ కథ గురించైతే ఆపకుండా చెప్పేస్తాం, ఒకసారి చేసి చూడండి మీకే తెలుస్తుంది. షరతు ఒకటే, ఇద్దరూ ఒకరి పుస్తకం ఒకరు నిజంగా చదివుండాలి.

కొన్నవాళ్ళ పేరు, ఊరు, నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి, ఇష్టమైతేనే ఇమ్మనండి నంబరు. రెండో పుస్తకం వచ్చినప్పుడు మొదటి మెసేజ్ వెళ్ళాల్సింది వాళ్ళకే.