వరి కోతల వేళ వాతావరణ సూచనను చదివే పద్ధతి

భారత వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో వెలువరించే వ్యవసాయ సలహా బులెటిన్‌లో రాబోయే ఐదు రోజుల వాన, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం అంచనాలు ఉంటాయి. ‘మేఘదూత్’ యాప్‌లో జిల్లాను ఎంచుకున్నా అవి దొరుకుతాయి.

ముందుగా వాన ఎంతమేర విస్తరిస్తుందో చూడాలి. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నారంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన పడదని అర్థం కనుక, మన చేనిపై చినుకు రాలనంత మాత్రాన సూచన తప్పిందనుకోవడం సరికాదు. తర్వాత పరిమాణం చూడాలి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే ‘భారీ వర్షం’ అంటారు. అయితే పనల మీదున్న వరికి అంత వాన అక్కర్లేదు, 20 మిల్లీమీటర్లు పడినా గింజ తడిసి, ముసురు పట్టిందంటే మొలకెత్తుతుంది. అందుచేత బంగాళాఖాతంలో అల్పపీడనమని వినగానే కొత్తగా కోత మొదలుపెట్టకుండా, కోసి ఆరిన పనలను కుప్ప వేసి పరదా కప్పి, మడిలో నీరు నిలవకుండా గట్లకు గండ్లు పెట్టాలి.

మందు పిచికారీకి మాత్రం వాన లేకపోతే చాలదు, గాలి వేగమూ తక్కువగా ఉండాలి. పిడుగుల హెచ్చరికకు ‘దామిని’ యాప్ వేరుగా ఉంది.