అరకు వెళ్తున్నారా? కొండ ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు

అరకు వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది "ఏముందండీ అక్కడ" అని పెదవి విరుస్తారు. కాస్త కదిపి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. పొద్దున వైజాగ్‌లో బయల్దేరి, బొర్రా గుహలు చూసి, మ్యూజియం ముందు నాలుగు ఫొటోలు దిగి, రాత్రికల్లా మళ్లీ వైజాగ్ వచ్చేసి ఉంటారు. అరకు బాగుండేది తెల్లవారుజామున. ఆ టైంకి వీళ్లు బీచ్ రోడ్డు హోటల్లో ముసుగు తన్ని పడుకుని ఉంటారు. అందుకే ముందే చెప్తున్నా, ఒక్క రాత్రైనా పైన ఉండండి. ఆ వారం కుదరకపోతే ఇంకో వారం వెళ్లండి, అరకు ఎక్కడికీ పోదు.

వైజాగ్ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు కిరండుల్ ప్యాసింజర్ ఎక్కండి. పొద్దున 7 లోపే బయల్దేరుతుంది, కరెక్ట్ టైం మాత్రం ముందురోజు రైల్వే యాప్‌లో చూసుకోండి, ఎందుకంటే అప్పుడప్పుడు మారుతుంటుంది, వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడితే బండే రద్దవుతుంది. అద్దాల బోగీకి సీజన్‌లో టికెట్ దొరకడం గగనం. దొరక్కపోయినా బాధపడక్కర్లేదు, మామూలు స్లీపర్ కిటికీ పక్కన కూర్చుంటే గాలి కూడా తగులుతుంది, ఏసీ అద్దం వెనక అది రాదు కదా. బొడ్డవర దాటాక బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఇక యాభైకి పైగా సొరంగాలు. ఒక్కో సొరంగం రాగానే బోగీలో పిల్లలంతా కలిసి కేకలు పెడతారు, మూడో నాలుగో సొరంగం వచ్చేసరికి పెద్దవాళ్లూ మొదలుపెడతారు. మధ్యలో ఎక్కడో బండి ఆగిపోతే విసుక్కోకండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి చేర్చడానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను ఇది, ఇక్కడ దారి ముందు గూడ్సుకే, తర్వాతే మనకి. అరకుకి ముందు వచ్చే శిమిలిగుడ స్టేషన్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చెవులు కొంచెం దిబ్బడేస్తాయి, అంతే.

దారిలో బొర్రా స్టేషన్‌లో సగం బోగీ ఖాళీ అవుతుంది. మీరు దిగకండి. లగేజీతో గుహల్లోకి వెళ్లలేరు, అక్కడి నుంచి అరకుకి బండి మాట్లాడుకోవాలి, సీజన్‌లో వాళ్లు చెప్పిందే రేటు. బొర్రా ఎలాగూ తిరుగు ప్రయాణంలో దారి దగ్గరే తగులుతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూసేయొచ్చు, మూడూ ఊళ్లోనే. డుంబ్రిగుడ వైపు చాపరాయి ఉంది, వెడల్పాటి బండ మీద నీళ్లు జారుతుంటాయి. చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉంటుంది గానీ నాచు పట్టిన రాయి మహా జారుడు, పిల్లల చెయ్యి వదలొద్దు. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే రోడ్డుకి అటూ ఇటూ వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. అవి పార్కులు కావు, ఎవరో రైతు వేసుకున్న పంట. గట్టు మీద నిలబడి ఫొటో దిగండి, చేలోకి దిగి తొక్కకండి.

సాయంత్రం బొంగులో చికెన్. ఇక్కడ తొందరపడొద్దు. ముందే కాల్చి పక్కన పెట్టినవి అంటగట్టాలని చూస్తారు, "కొత్తది పెట్టండన్నా, మేం ఆగుతాం" అనండి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క కూడా వెయ్యరు. కాసేపటికి ఆకు సందుల్లోంచి నురగ బుసబుసా పొంగుతుంది, బొంగు నల్లగా మాడుతుంది, అప్పుడు తీసి అడ్డాకుల్లో కుమ్మరిస్తారు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు తినడమంతా అయ్యాక ఫోన్లో సిగ్నల్ లేదు, జేబులో డబ్బు లేదు. మావాడొకడు రోడ్డు మీద ఫోన్ పైకెత్తి పట్టుకుని పావుగంట తిరిగితే గానీ పేమెంట్ వెళ్లలేదు. వైజాగ్‌లోనే క్యాష్ తీసుకోండి, వందలు యాభైలు ఎక్కువ ఉండేలా.

రాత్రి చలి సంగతి. హైదరాబాద్ చలికి వేసుకునే పల్చటి స్వెటర్ డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ ఆనదు. మంకీ క్యాప్, సాక్సులు పెట్టుకోండి, ఎవరూ నవ్వరు. రూమ్ బుక్ చేసేటప్పుడు వేడినీళ్లు ఏ టైంలో వస్తాయో అడగండి, చాలాచోట్ల పొద్దున కాసేపే ఇస్తారు.

తెల్లారి మాడగడ మేఘాల కొండకి వెళ్లాలి. ఆటోనో జీపో రాత్రే మాట్లాడుకుని, సూర్యుడు రాకముందే పైన ఉండాలి. మేం ఒకసారి టిఫిన్ చేసి తీరిగ్గా వెళ్తే మబ్బంతా విడిపోయి మామూలు లోయ కనపడింది, పక్కన టీ అమ్మే ఆవిడ "ఇప్పుడొచ్చారేంటి బాబూ" అంది. వంజంగి మేఘాల కొండ కూడా చూడాలంటే అది పాడేరు దగ్గర, దానికి ఇంకో రాత్రి పాడేరులో ఉండండి. చీకట్లో ఘాట్ మీద అరకు నుంచి పరిగెత్తడం వద్దు.

దిగేటప్పుడు కారో బస్సో. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగండి, తర్వాత అనంతగిరి కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, అవే చెట్లకి పాకిన మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చింది, అప్పట్నుంచి రోడ్డు పక్కన ప్రతి ప్యాకెట్ మీదా ఆ పేరే. నేనైతే జీసీసీ (ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) దుకాణంలోనే కొంటాను, అక్కడైనా ప్యాకెట్ వెనక చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఎంత శాతం ఉందో చదివాకే.

బొర్రాకి మధ్యాహ్న భోజనం టైం తప్పించి చేరండి, సాయంత్రం 5కల్లా మూసేస్తారు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, గ్రిప్ ఉన్న చెప్పులు కావాలి. గుహ పైనుంచే రైలు పట్టాలు వెళ్తాయి, నిన్న మీరొచ్చిన లైనే అది. బయట కోతులున్నాయి, చేతిలో కవరు కనపడితే లాక్కుంటాయి.

వాంతులయ్యేవాళ్లు కొండ దిగడానికి అరగంట ముందే మాత్ర వేసుకోండి. సొంత కారైతే కింది గేరులోనే దించండి, అదేపనిగా బ్రేకు తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. మలుపుల్లో హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారివ్వండి. పొగమంచు పట్టకముందే, అంటే చీకటి పడకుండా కొండ కిందున్న ఎస్.కోట (శృంగవరపుకోట) చేరేలా చూసుకోండి. అక్కడ కారు దిగగానే ఉక్క మొహాన కొడుతుంది, స్వెటర్ తీసి డిక్కీలో పడేయొచ్చు.